యాభై ఆరు మెట్ల రూటు

ఆ భవనానికి లిఫ్టు లేదు. కట్టినప్పుడు పెడదామనుకున్నారట. అందుకోసం మెట్ల పక్కన నిలువునా ఖాళీ కూడా వదిలారు. ముప్ఫై ఏళ్ళుగా ఆ ఖాళీలో తుప్పు పట్టిన సైకిళ్ళూ, విరిగిన కుర్చీలూ కాపురం చేస్తున్నాయి. మూడో అంతస్తుకు చేరాలంటే యాభై ఆరు మెట్లు ఎక్కాలి. ఈ సంఖ్య భవనంలో ఎవరికీ తెలియదు. మోకాళ్ళు బాగున్నవాళ్ళు మెట్లు లెక్కపెట్టరు కదా.

మూడో అంతస్తులో ఉండే కండక్టరమ్మకు మాత్రం తెలుసు. డెబ్భై మూడేళ్ళ ఆ మనిషి ఇరవై తొమ్మిదేళ్ళు సిటీ బస్సులో టిక్కెట్లు కొట్టింది. రిటైరై పదిహేనేళ్ళు దాటినా ఆ పేరే మిగిలింది. ఉత్తరాలు తెచ్చే మనిషి కూడా కింద నిలబడి "కండక్టరమ్మా!" అనే కేకేస్తాడు. మెట్ల మలుపులన్నిటికీ ఆవిడ బస్టాపుల్లా పేర్లు పెట్టుకుంది. వాకిట్లోంచి ఎక్కగానే వచ్చేది 'సైకిళ్ళు', ఆ తరువాత 'మీటర్ల పెట్టె', రెండో అంతస్తులో టీచరు ఇంటి ముందు 'పూలకుండీ'. ఒకప్పుడు ఆ రూటు మూడు నిమిషాలు. తరువాత పదయింది, ఇరవై అయింది. ఇప్పుడు ఆ సర్వీసు రద్దయినట్టే. ఆవిడ కాలు వీధిలో పెట్టి నలభై ఒక్క రోజులైంది.

కుడి మోకాలు మొరాయించింది. ఎడమది దాన్ని చూసి నేర్చుకుంటోంది.

అలాగని ఆవిడ ఎవరి దగ్గరా నోరు విప్పి ఒక్క మాట అనలేదు. వానాకాలం మొదట్లో ఒకరోజు కిందికి వెళ్ళి తిరిగి ఎక్కుతూ మీటర్ల పెట్టె దగ్గర చతికిలబడిపోయింది. గంటన్నర అక్కడే కూర్చుంది. వచ్చేపోయేవాళ్ళు "ఏంటమ్మా ఇక్కడ కూర్చున్నారు?" అని అడిగితే, "ఇంట్లో ఒకటే ఉక్క. ఇక్కడ గాలి బాగుంది" అంది. మీటర్ల పెట్టె దగ్గర గాలా! కిటికీ అయినా లేని చోటు అది. అడిగినవాళ్ళు నవ్వుకుని వెళ్ళిపోయారు. ఆవిడ గోడ పట్టుకుని, పళ్ళు బిగించి, మెట్టుకో విరామం చొప్పున ఇల్లు చేరింది.

ఎదురింటి కింది వాటాలో డ్రైవరన్న ఉంటాడు. పద్నాలుగేళ్ళు ఆవిడ బస్సు నడిపినవాడు. ఇంజను పక్కన కూర్చుని కూర్చుని చెవులు పోగొట్టుకున్నాడు. మనుషుల మాట సగం వినపడదు గానీ కండక్టరు విజిల్ మాత్రం ఇప్పటికీ స్పష్టంగా వినపడుతుంది. అందుకని ఇద్దరూ ఒక ఏర్పాటు చేసుకున్నారు. రోజూ పొద్దున్న తొమ్మిదింటికి ఆవిడ బాల్కనీలోకి వచ్చి రెండు విజిళ్ళు వేస్తుంది. రెండంటే అంతా బాగుంది, పోనీ. ఒక్కటంటే ఆపు, పైకి రా. ఆయన కింద అరుగు మీద చెవి పైకెత్తి కూర్చుంటాడు. నాలుగేళ్ళలో ఆవిడ ఒక్కసారి కూడా ఒక్క విజిల్ వేయలేదు. మీటర్ల పెట్టె దగ్గర గంటన్నర కూర్చున్న రోజున కూడా విజిల్ కొంగుముడిలోనే ఉంది.

కూతురు ఊరికి అటు చివర ఆసుపత్రిలో నర్సు. పదిహేను రోజులకోసారి వస్తుంది. వచ్చిన ప్రతిసారీ తల్లి నడకను వార్డులో రోగిని చూసినట్టు చూస్తుంది. ఈసారి వచ్చినప్పుడు సంచిలోంచి ఒక కాగితం తీసింది.

"అమ్మా, నీకు కోపమొచ్చినా సరే. రింగురోడ్డు అవతల పెద్దవాళ్ళ వసతిగృహం ఉంది కదా, అందులో నీకోసం మంచం చెప్పా. నెలాఖరు దాకా ఆపుతామన్నారు."

"మంచం నాకు ఇక్కడా ఉంది."

"అక్కడ లిఫ్టుంది."

"బస్సు ఉందా అటు?"

కూతురు నుదురు కొట్టుకుంది. "నువ్వు ఎక్కే బస్సేదమ్మా ఇప్పుడు?"

ఆ మాట కండక్టరమ్మకు చురుక్కుమని తగిలింది. ఎక్కకపోయినా చూస్తుంది కదా! బాల్కనీలోంచి తన పాత రూటు బస్సు మలుపు తిరగడం కనిపిస్తుంది. ఏ డ్రైవరు బద్ధకస్తుడో, ఏ కండక్టరు ఫుట్‌బోర్డు మీద జనాన్ని వేలాడనిస్తున్నాడో పైనుంచే కనిపెట్టి తిట్టుకుంటుంది. ఈ ఇంట్లో కళ్ళు మూసుకున్నా ఏ స్విచ్చు ఎక్కడుందో చేతికి తెలుసు. భర్త పోయిన గది ఇది, కూతురు పరీక్షలకు చదివిన గది ఇది. కొత్త చోట లిఫ్టు ఎక్కి దిగడం తప్ప ఆవిడకు పనేముంటుంది?

"సరే, ఇంకో దారి ఉంది" అని కూతురు రెండో కాగితం తీసింది. నగరపాలక సంస్థ 'ఇంటి దగ్గరే ఆసరా' అని ఒక పథకం పెట్టింది. పెద్దవాళ్ళు ఉన్న ఇంట్లోనే ఉండేటట్టు బాత్రూంలో పట్టుకోవడానికి కడ్డీలు బిగిస్తారు. పనికి మనిషిని పంపుతారు. మెట్లు దిగలేనివాళ్ళను వారానికి రెండుసార్లు ఇద్దరు మనుషులు మెట్ల కుర్చీలో కిందికి దించి, మళ్ళీ పైకి చేరుస్తారు. ముందు ఒక అమ్మాయి ఇంటికొచ్చి చూసి, ప్రశ్నలడిగి, రాసుకుని వెళుతుంది. "ఇది వస్తే నువ్వు ఇక్కడే ఉండు, నేను మంచం వద్దని చెప్పేస్తా. రాకపోతే మాత్రం నెలాఖరుకు సామాను సర్దాల్సిందే. ఆ అమ్మాయి వచ్చే రోజు నాకు డ్యూటీ ఉంది, రాలేను. అడిగినదానికి ఉన్నదున్నట్టు చెప్పమ్మా."

"నేనెప్పుడు అబద్ధమాడా?" అంది కండక్టరమ్మ.

కూతురు చెవిలో ఇల్లు కట్టుకుని చెప్పినా లాభం లేకపోయింది. 'వచ్చి చూసి రాసుకుని వెళుతుంది' అన్న ఒక్క ముక్కే ఆవిడ బుర్రలో నాటుకుంది. బస్సులో పనిచేసినవాళ్ళకు దానికి ఒకటే అర్థం. చెకింగ్.

చెకింగ్ అంటే ఏమిటో తెలియనివాళ్ళకు చెప్పాలి. ఏదో ఒక స్టాపులో హఠాత్తుగా ఇద్దరు బస్సెక్కుతారు. తలలు లెక్కపెడతారు, టిక్కెట్లు చూస్తారు, చిన్న తేడా కనిపిస్తే మెమో రాసి చేతిలో పెడతారు. చెకింగ్ ముందు కండక్టరు కూర్చోకూడదు, అలిసిపోయానని అనకూడదు, సాకు చెప్పకూడదు. ఇరవై తొమ్మిదేళ్ళలో కండక్టరమ్మకు ఒక్క మెమో లేదు. డిపోలో ఆ మాట ఈనాటికీ చెప్పుకుంటారు. కనీసం ఆవిడ అలా అనుకుంటుంది.

అందుకని ముందు రోజంతా ఇల్లు తోమింది. కుర్చీ వీపు పట్టుకుని దాన్ని ముందుకు నెట్టుకుంటూ గదులన్నీ ఊడ్చింది. బాత్రూంలో తాను బోర్లించుకుని కూర్చునే బకెట్టును తిప్పి మామూలుగా పెట్టింది. మంచం కింద పెట్టుకున్న చేతికర్రను పరుపు వెనక దాచింది. పొద్దున్నే మోకాలికి గట్టిగా కట్టు కట్టి, బట్టల కింద కనపడకుండా సర్ది, కూతురు 'మరీ భరించలేనప్పుడు ఒకటి' అని ఇచ్చిన నొప్పి మాత్రలు రెండు మింగింది. తల నున్నగా దువ్వుకుని తలుపు దగ్గర నిలబడింది.

వచ్చిన అమ్మాయి మంచిదే. ముప్ఫై ఏళ్ళుంటాయి, మెడలో గుర్తింపు కార్డు, చేతిలో ట్యాబు. మెట్లెక్కి ఆయాసపడుతోంది. "కూర్చోండమ్మా" అంది ఆ అమ్మాయి. "ఫరవాలేదు, నువ్వు కూర్చో" అంది కండక్టరమ్మ. పెద్దావిడ నిలబడి ఉంటే తాను ఎలా కూర్చుంటుంది? ఇద్దరూ నిలబడే కానిచ్చారు.

"వంట?"

"నేనే."

"స్నానం?"

"నేనే. ఇంకెవరు చేయిస్తారు?"

"మెట్లు ఎక్కి దిగగలరా? ఇబ్బంది లేకుండానా, ఇబ్బందితోనా, అసలు కుదరదా?"

కండక్టరమ్మ నవ్వింది. "ఇరవై తొమ్మిదేళ్ళు కదిలే బస్సులో నిలబడ్డదాన్నమ్మా. కదలని మెట్లు నన్నేం చేస్తాయి?"

ఆ అమ్మాయి కూడా నవ్వేసి ట్యాబు మీద వేలు ఆనించింది. ఇరవై నాలుగు ప్రశ్నలు, ఇరవై అయిదు నిమిషాలు. వెళ్ళేటప్పుడు, "మీలాంటివాళ్ళను చూస్తే ఎంత ధైర్యంగా ఉంటుందో" అంది. ఆ అమ్మాయి అడుగుల చప్పుడు పూలకుండీ దాటేదాకా కండక్టరమ్మ అలాగే నిలబడి ఉంది. ఆ తరువాత తలుపు వేసి, తలుపుకే ఆనుకుని జారి, నేల మీద పడుకుంది. లేవడానికి మధ్యాహ్నం అయింది. అయినా లోలోపల సంతోషంగానే ఉంది. ఒక్క రిమార్కు లేదు!

పది రోజులకు ఉత్తరం వచ్చింది. 'తమరు ఇతరుల సహాయం లేకుండా నివసించగలరని నిర్ధారించడమైనది' అన్న మొదటి వాక్యం చదివి ఆవిడ మురిసిపోయింది. 'కావున తమ దరఖాస్తు తిరస్కరించడమైనది' అన్న రెండో వాక్యాన్ని మూడుసార్లు చదివింది.

ఫోనులో కూతురికి ఉత్తరం చదివి వినిపించింది. కూతురు అడిగింది: "అమ్మా, మెట్లు ఎక్కి దిగుతానని చెప్పావా?"

"అడిగింది. చెప్పా."

"నువ్వు కిందికి దిగి ఎన్నాళ్ళయింది?"

"అది అడగలేదు."

"అమ్మా!"

"నన్నేం చేయమంటావే? కొత్త మనిషి ఎదురుగా నిలబడి 'నాకు చేతకాదు, నాకు చేతకాదు' అని పాట పాడమంటావా?" అని విసురుగా అంది గానీ, ఫోను పెట్టేశాక గది నాలుగు గోడలూ ఒక్కో అడుగు దగ్గరకు జరిగినట్టనిపించింది. ఉన్న ఇంట్లో ఉండనివ్వమని అడిగితే, నువ్వు బాగున్నావు పొమ్మన్నారు. బాగాలేనని ఒప్పుకుంటే కూతురు వసతిగృహానికి పంపుతుంది. బాగున్నానంటే ఈ మూడో అంతస్తులో చూరుకింద పావురంలా పడి ఉండాలి. ఎటు తిరిగినా తలుపు మూసే ఉంది.

ఉత్తరం అడుగున సన్నటి అక్షరాల్లో ఇంకో ముక్క ఉంది. నిర్ణయం నచ్చనివాళ్ళు పదిహేను రోజుల్లోగా స్వయంగా కార్యాలయానికి వచ్చి సంతకం పెట్టాలి. అంటే, కిందికి దిగలేనని చెప్పుకోవాలంటే కిందికి దిగి రావాలి. ఈ నిబంధన రాసిన మహానుభావుడికి మోకాళ్ళు ఉక్కుతో చేసి ఉంటారు.

డ్రైవరన్న కూరగాయలు ఇవ్వడానికి పైకి వచ్చినప్పుడు ఉత్తరం చూపించింది. ఆయన కాగితాన్ని ముక్కుకు ఆనించుకుని చదివాడు. "ఇద్దరు మనుషుల్ని పిలుస్తా చెల్లెమ్మా. కుర్చీలో కూర్చోబెట్టి దించేస్తాం."

"నేనేమన్నా సామానా అన్నా? నా కాళ్ళతోనే దిగుతా. నువ్వు టాక్సీ పిలిచి కింద ఉండు. పైకి రావద్దు!" చివరి మాట ఆయన చెవికి దగ్గరగా అరిచి చెప్పింది.

సోమవారం తొమ్మిదిన్నరకు బయలుదేరింది. మొదటి మెట్టు మీద కుడికాలు పెట్టగానే మోకాలు మడతపడింది. రెయిలింగు ఊగుతోంది, దాని మేకులు ఎప్పుడో వదులైపోయాయి. కింద మెట్లు గిర్రున తిరిగాయి. ఆవిడ అటూ ఇటూ చూసింది. ఎవరూ లేరు. కూర్చుంది. కూర్చుని, చేతులు ఆనించి, ఒళ్ళు కింది మెట్టుకు జార్చింది. ఏడాది నిండిన పిల్లలు మెట్లు దిగినట్టు. ఒకటి. రెండు. మూడు.

పూలకుండీ దగ్గర టీచరు తలుపు తీసింది. "ఏమైంది కండక్టరమ్మా? ఏమైనా పడిపోయిందా?"

"చెవిపోగు" అంది ఆవిడ, మెట్టును చేత్తో తడుముతూ. టీచరు పాపం చెప్పులు విప్పి అయిదు నిమిషాలు తానూ వెతికింది. ఆ అయిదు నిమిషాలూ కండక్టరమ్మకు సిగ్గుతో ప్రాణం పోయినంత పనైంది. రెండు చెవులకూ రెండు పోగులూ ఉన్నాయని టీచరు గమనించిందో లేదో తెలియదు. గమనించి ఊరుకుందేమో. "దొరికితే చెబుతానులెండి" అని లోపలికి వెళ్ళింది.

యాభై ఆరు మెట్లకు యాభై నిమిషాలు. కింద గోడ పట్టుకుని లేచి, తల సర్దుకుని, వీధిలోకి అడుగుపెట్టింది. ఎండ కళ్ళలో పొడిచింది. "నడిచే దిగావా?" అన్నాడు డ్రైవరన్న. "మరి ఎగిరి దిగుతానా?" అంది.

కార్యాలయంలో గుమాస్తా ఫైలు తెరిచి, తల ఎత్తకుండానే అడిగాడు. "ఇంటి నుంచి ఎలా వచ్చారు?"

"టాక్సీలో."

"మూడో అంతస్తు కదా. కిందికి?"

"దిగి."

"ఎవరైనా దించారా?"

నిజం చెప్పడానికి ఇంతకన్నా మంచి సమయం రాదు. ఆ సంగతి ఆవిడకు తెలుసు. గొంతు దాకా వచ్చింది కూడా. కానీ వెనక వరసలో పాతికమంది ఉన్నారు. "నేనే దిగా" అంది.

గుమాస్తా కలం కింద పెట్టాడు. "దిగగలిగారు కదండీ మరి? ఇక ఈ దరఖాస్తు ఎందుకు?"

అప్పుడు డ్రైవరన్న ముందుకు వచ్చాడు. చెవిటి మనిషి కదా, మెల్లగా మాట్లాడుతున్నాననుకుని హాలు అదిరేలా అరిచాడు. "కూర్చుని దిగింది బాబూ! పసిపిల్లలా డేక్కుంటూ దిగింది! ఆ బట్టల వెనక దుమ్ము చూడు! నాకు కనపడలేదనుకుంది!"

హాలంతా ఇటు తిరిగింది. కండక్టరమ్మ చెయ్యి తనకు తెలియకుండానే వెనక్కి పోయి బట్టలు తుడిచింది. గుమాస్తా ఈసారి తల ఎత్తి చూశాడు. కాగితం మీద ముద్ర వేసి, సంతకానికి చోటు చూపించాడు. "గురువారం పదకొండింటికి మళ్ళీ వస్తారు. మీరు ఇంట్లోనే ఉండాలి. లేకపోతే ఫైలు మూసేస్తారు."

టాక్సీలో ఆవిడ డ్రైవరన్నతో ఒక్క మాట మాట్లాడలేదు. ఆయనా కిటికీలోంచి బయటకే చూస్తూ కూర్చున్నాడు.

భవనం ముందు దిగాక అసలు సంగతి తెలిసొచ్చింది. కూర్చుని జారవచ్చు గానీ కూర్చుని ఎక్కలేరు. తొమ్మిది మెట్లకు ముప్పావు గంట పట్టింది. పదో మెట్టు దగ్గర రెండు కాళ్ళూ వణికి, ఆవిడ సైకిళ్ళ మలుపులో కూలబడింది. ఇంటి తాళంచెవి చేతిలోనే ఉంది. ఇల్లు నెత్తి మీదే ఉంది. గురువారానికి తాను ఇంట్లో లేకపోతే ఫైలు మూసేస్తారు. అక్కడ కూర్చుని, ఇన్నేళ్ళలో మొదటిసారి ఆవిడ ఏడ్చింది. చప్పుడు చేయకుండా ఏడ్చింది. అయినా డ్రైవరన్నకు తెలిసింది.

"అన్నా, ఆ కుర్చీ తీసుకురా" అంది చివరికి.

లిఫ్టు ఖాళీలోంచి ఉన్నవాటిలో గట్టి కుర్చీ ఒకటి లాగాడు. విరిగిన కాలికి తాడు బిగించాడు. వీధిలో ఇస్త్రీ చేసే అతను ఒక పక్క, చప్పుడు విని దిగివచ్చిన టీచరు ఒక పక్క పట్టుకున్నారు. డ్రైవరన్న ఆవిడ సంచి పట్టుకుని వెనక నడిచాడు. బస్సులో జనం అందరూ కూర్చుంటే తాను నిలబడే మనిషి, ఇప్పుడు అందరూ నిలబడితే తాను ఒక్కతే కూర్చుంది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఒళ్ళో పెట్టుకుంది. పూలకుండీ దగ్గర ఆగినప్పుడు టీచరు చెమట తుడుచుకుంటూ, "చెవిపోగు దొరికిందా?" అంది.

"పోలేదమ్మా" అంది కండక్టరమ్మ. "అబద్ధం చెప్పా."

"తెలుసులెండి" అంది టీచరు.

గురువారం పదకొండింటికి ఆ ట్యాబు అమ్మాయే వచ్చింది. ఈసారి తలుపు గడియ వేసి లేదు. ఇల్లు ఊడ్చి లేదు, బకెట్టు బోర్లించే ఉంది, చేతికర్ర కుర్చీకి ఆనించి ఉంది. కండక్టరమ్మ కుర్చీలోంచి లేవలేదు. అందుకని ఆ అమ్మాయి కూడా కూర్చుంది.

"మొన్న మీరు అన్నీ చేసుకోగలనన్నారమ్మా."

"మొన్న నువ్వు చెకింగ్‌కి వచ్చావనుకున్నా. బస్సులో అంతా సరిగ్గా ఉంటే చెకింగ్‌వాళ్ళు తరువాతి స్టాపులో దిగి వెళ్ళిపోతారు. నువ్వూ అలాగే వెళ్ళిపోయావు."

ఆ అమ్మాయి ట్యాబు తెరిచింది. మళ్ళీ అవే ప్రశ్నలు.

"స్నానం?"

"ఆ బకెట్టు మీద కూర్చుని, కుళాయి గొట్టం పట్టుకుని. రెండు రోజులకోసారి. ఒక్కోసారి మూడు."

"వంట?"

"పొద్దున ఒక్కపూట. రెండో పూటకు నిలబడలేను."

"మెట్లు?"

కండక్టరమ్మ కిటికీ వైపు చూసింది. మలుపులో తన రూటు బస్సు తిరుగుతోంది. "కుదరదు" అంది.

ఇరవై నాలుగు ప్రశ్నలకు ఇరవై నాలుగు జవాబులు చెప్పింది. ఒక్కో జవాబుకు ఒంటి మీంచి ఒక్కో బట్ట తీసి అప్పజెబుతున్నట్టుంది. అయిపోయాక ఆ అమ్మాయి నెమ్మదిగా అంది. "పైవాళ్ళు సంతకం పెట్టాలి. కానీ ఈసారి వస్తుందమ్మా. మీరు ఎక్కడికీ వెళ్ళక్కర్లేదు."

"మంచిది." కండక్టరమ్మ ట్యాబు వైపు చూసి అడిగింది. "అందులో ఇంకేమైనా రాసుకోవడానికి చోటుందా అమ్మాయ్?"

"ఏం రాయాలమ్మా?"

"ఇరవై తొమ్మిదేళ్ళు పనిచేశాననీ, ఒక్క మెమో కూడా లేదనీ."

ఆ అమ్మాయి ట్యాబును పైకీ కిందికీ జరిపి చూసింది. నిజంగానే వెతికింది. "లేదమ్మా" అంది. "ఆ గడి లేదు."

"సరేలే."

అమ్మాయి వెళ్ళిపోయింది. కింద అరుగు మీద డ్రైవరన్న తల పైకెత్తి కూర్చుని ఉంటాడని ఆవిడకు తెలుసు. సోమవారం నుంచి ఆయనతో మాటల్లేవు. పొద్దున విజిల్ కూడా వేయలేదు. కర్ర పట్టుకుని బాల్కనీ దాకా వెళ్ళి, కొంగుముడిలోంచి విజిల్ తీసి, పెదాల మధ్య పెట్టుకుంది.

ఒక్కసారి ఊదింది. ఆయన రెండోదానికోసం ఆగాడు. ఆవిడ విజిల్ కిందికి దించింది. కాసేపటికి డ్రైవరన్న అరుగు మీంచి లేచి, వీధి దాటి, మెట్ల వైపు నడిచాడు.